మారు అడగని అన్నం

పొట్లంలో అన్నానికి మారు లేదు.
అల్లిపురంలో పదహారేళ్లు వడ్డించిన చేయి
చెబుతున్న మాట ఇది.

గుర్నాథం గారి మెస్సులో అప్పుడు
ఇరవై రెండు బల్లలు.
పన్నెండు దాటితే చాలు
పోర్టు నుంచీ, కోర్టు నుంచీ, పూర్ణా మార్కెట్ నుంచీ జనం.
తినేవాళ్ల వీపుల వెనకే నిలబడి
పెరుగన్నం దాకా వచ్చారా లేదా అని
మెడలు చాచి చూసేవారు.
లేచిన మనిషి వెచ్చదనం కుర్చీలో ఆరకముందే
ఇంకో మనిషి.

నాకు పేర్లు తెలియవు, ఆకళ్లు తెలుసు.
మూడో బల్లకి పప్పు రెండుసార్లు, కూర వద్దు.
గోడ వైపు గుమాస్తాకి
అడక్కుండానే ఆవకాయ.
కిటికీ పక్కన క్రేన్ నడిపే ఆయన
చారు దోసిట్లో పోయించుకుని తాగేవాడు.
కాలుతుంది బాబూ అంటే
"ఇనుం పట్టిన సేతులురా, ఏటౌతాది" అనేవాడు.

తర్వాత ఆ వేసవి.

మూసింది మేమే. తెరవనివ్వనిది సముద్రం.
ఉప్పుగాలికి తాళం లోపల బిగుసుకుపోయింది.
కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి
షట్టరు ఎత్తితే
లోపల ఎలుకలు కూడా లేవు.
అన్నం వండని హోటల్లో
ఎలుక మాత్రం ఎందుకుంటుంది?

చారు మాస్టరు తాతబ్బాయి రాలేదు.
కేజీహెచ్‌కి నడిచే వెళ్లాడన్నారు.
అతని గరిటె మేకుకే ఉంది.
తీయమని ఎవరూ అనలేదు,
తీయొద్దనీ అనలేదు.

నేల మీద సుద్దతో గుండ్రాలు గీశాం
మనిషికో సున్నా చొప్పున.
బల్లలు పదకొండయ్యాయి, ఆరయ్యాయి,
ఇప్పుడు ఒకటి, దాని మీద కవర్ల కట్టలు.
సగం హాలు ఫోన్ తొడుగులమ్మే కుర్రాడికి అద్దెకిచ్చారు.
మిగతా సగంలో ఒకటే పొయ్యి, మూడు పేర్లు.
ఫోన్లో చూస్తే మూడు హోటళ్లు.
ఒకటి బిర్యానీ, ఒకటి టిఫిన్లు,
ఒకటి అమ్మమ్మ చేతి వంట.
ఆ అమ్మమ్మకి ఇరవై రెండేళ్లు,
బొబ్బిలి నుంచి వచ్చాడు,
చెవుల్లో పాటలు దోపుకుని పోపేస్తాడు.

అంట్లు తోమే సన్యాసమ్మకి పని పోయింది,
కంచాలే లేవు కదా.
కంచరపాలెంలో ఇంటి ముందు పొయ్యి పెట్టి
చేపల పులుసు వండి
తనూ ఫోన్లోకి ఎక్కింది.
మాకంటే ఆమెకి
అర నక్షత్రం ఎక్కువ.

నన్ను పొట్లాల దగ్గర వేశారు.
మూత నొక్కడం, రబ్బరు బ్యాండు, చీటీ.
చీటీ మీద పేరుంటుంది.
పదహారేళ్లు తెలియని పేర్లన్నీ
రోజూ నా వేళ్లకి అంటుకుంటున్నాయి.
మొహం ఒక్కటీ లేదు.
అప్పట్లో ఉప్పు తగ్గితే కనుబొమ్మ లేచేది,
అది దిగేలోపు
ఉప్పు గిన్నెతో అక్కడుండేవాణ్ణి.
ఇప్పుడు రాత్రి పదింటికి తెలుస్తుంది
మధ్యాహ్నం ఉప్పు తగ్గిందని.

మొన్న గురువారం ఒక చీటీ.
ఎర్రునాయుడు, మల్కాపురం. భోజనం ఒకటి.
కింద చిన్న అక్షరాలు:
చారు ఎక్కువ. వేడిగా.

ఆయనేనా?
దోసిలికి పేరెలా కనుక్కోవడం?

తాతబ్బాయి గరిటె దించాను.
కడిగాను. రెండు కవర్లు నింపి ముడేశాను,
ఆగి మూడోదీ కట్టాను.
"అన్నా, లేటు" అన్నాడు డెలివరీ కుర్రాడు
హెల్మెట్ తీయకుండానే.
ఒలికిపోకుండా పట్టుకెళ్లు, అన్నాను.
ఇంకేదో చెప్పబోయాను, బండి కదిలింది.

రాత్రి నక్షత్రాలు చూశాం.
ఆయన ఒక్కటీ పెట్టలేదు.

పెట్టడు.
ఆ కిటికీ పక్కన కూర్చున్నన్నేళ్లూ
బాగుంది అని ఒక్కసారీ అనలేదు.
మళ్లీ దోసిలి పట్టేవాడు, అంతే.