కాకిముక్కు ఎముక

మొదటిసారి హూసవిక్ బడి జిమ్‌లో,
ఆట ఇంకా పదకొండు నిమిషాలుందనగా.
దాగ్రూన్ గాల్లోకి లేచింది,
బంతి విసరబోయే చెయ్యి వెనక్కి వంగి ఉంది.
ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు.
పడ్డది నా కూతురే.
లేచింది మాత్రం
ఒక భుజం చదునైపోయిన వేరే పిల్ల.

మెట్ల మీద కూర్చోబెట్టి నేనే సర్దాను.
ఇరవై ఏళ్లు వలల పడవ మీద పనిచేసినవాణ్ణి,
సముద్రం మధ్యలో ఇద్దరికి గూడ ఎక్కించినవాణ్ణి.
మోచెయ్యి పట్టి మెల్లగా లాగి బయటికి తిప్పితే
టక్కున కూర్చుంది.
చుట్టూ చప్పట్లు.
కొన్ని నాక్కూడా అనుకున్నాను.

అకురేరిలో డాక్టరమ్మ చెప్పింది:
"మీ వయసులో జారిన భుజం ఊరుకుంటుందేమో,
పదిహేడేళ్ల భుజం ఊరుకోదు. దారి మరిగింది.
గిన్నె అంచు చిరిగింది,
ఇప్పుడే కుడితే నాలుగు కుట్లతో పోతుంది."
"ఏప్రిల్ దాకా ఆగుదాం," అన్నాను,
"సీజన్ అయిపోనీ."
దాగ్రూన్ ఏమీ అనలేదు.
తన నోరు కూడా నేనే వాడేశాను.

రెండోసారి వేడినీళ్ల కొలనులో, ఈదుతూ.
మూడోసారి స్వెట్టర్ విప్పుతూ,
తల ఇంకా ఊలు లోపలే ఉంది,
లోపల్నించి "నాన్నా" అంది, అంతే.
నాలుగోసారి నిద్రలో.
ఎవరూ లాగలేదు, ఎవరూ అడ్డుపడలేదు,
అటు ఒత్తిగిలింది.
కాలు జారితే తీసుకోవచ్చంటారు.
నేను జార్చింది ఏడు నెలలు.

ఈసారి డాక్టరమ్మ కుట్ల మాట ఎత్తలేదు.
జారిన ప్రతిసారీ అంచు కొంచెం గీక్కుపోయిందట,
ఇక కుట్టడానికి గట్టు లేదట.
భుజం ముందు వంకర ముక్కులాంటి చిన్న ఎముక ఉంది,
పాతకాలం వైద్యులు దానికి కాకి పేరే పెట్టారట.
దాని కొస కోసి, అంటుకున్న కండతో సహా తెచ్చి,
అరిగిన చోట ఆనించి,
రెండు స్క్రూలు బిగిస్తారు.
"తన ఎముకే," అంది, "అరువు సొమ్ము కాదు."

చేపల గోదాము కప్పు మీద బొంతకాకుల్ని
రోజూ తిట్టేవాణ్ణి.
ఆ రోజు తిట్టలేదు.

దొంగెవరని ఎవరూ అడగలేదు.
అయినా ఆసుపత్రిలో కాఫీ మిషను పక్కన
నా భుజం నేనే తడుముకుంటూ కూర్చున్నాను.
మెడకింది ఎముక చివర్న నొక్కితే
నాకూ తగిలింది,
చిన్నగా, గట్టిగా,
ఎవరి పనీ కానట్టు.

గంటన్నర.

ఆరు వారాలు చెయ్యి జోలెలో.
ఎడంచేత్తో సూపు, ఎడంచేత్తో చరిత్ర పరీక్ష.
జడ మాత్రం నన్ను వేయమంది.
నాకు వల ముడి వచ్చు, జడ రాదు.
మొదటి రోజు వేసినదాన్ని
బడిలో కత్తెరతో విప్పారట.
ఆ ఏడాది తను నవ్విందంటే అప్పుడే.

ఆ తర్వాత కర్ర పట్టుకుని చెయ్యి బయటికి తిప్పడం,
రోజూ కొంచెం.
చిన్నప్పుడు ఎత్తు గీసిన తలుపు చెక్క మీదే
ఎంత తిరిగిందో పెన్సిల్‌తో గీశాం.
చివరి రెండు వేళ్ల మందం ఇప్పటికీ రాలేదు.
రాకపోవచ్చంది డాక్టరమ్మ, దాచకుండా.
విసురు కొంచెం కిందినుంచి నేర్చుకుంటోంది.

అక్టోబర్లో ఒక సాయంత్రం, జిమ్ ఖాళీ.
బంతి గోడకి నలభైసార్లు కొట్టాక
నా దగ్గరికొచ్చి చెయ్యెత్తింది,
సరిగ్గా ఆనాటిలా, వెనక్కి వంచి.
"పట్టుకో," అంది.
"ఎందుకే?"
"ఎవరో ఒకరు పట్టుకుంటారుగా. ముందు నువ్వు పట్టుకో."

మణికట్టు పట్టుకున్నాను.
మచ్చ మీద చెమట మెరుస్తోంది.
పైన గొట్టపు లైటు ఒకటి
వెలగాలా వద్దా అని కొట్టుకుంటోంది.

"నాన్నా,
నువ్వు లాగట్లేదు."