ముప్ఫై ఏడు డిగ్రీలు

నేను చేరిన ఏడు తార్నాకకు బస్సు గంటకొకటి.
ల్యాబులో ఆడవాళ్ళం ముగ్గురం:
దమయంతి మేడమ్, నేను, గాజుసామాన్లు కడిగే హుమేరా ఆపా.
మగవాళ్ళ లెక్కలో మాత్రం ఇద్దరమే.

పెట్రి డిష్ పగిలితే జీతంలో కోత.
ఆపా వాటిని కోడిగుడ్లలా పట్టుకునేది.
ఇరానీ హోటల్ పారేసిన బిస్కెట్ డబ్బాల్లో పేర్చేది.
ఆటోక్లేవ్ మొరాయిస్తే
కిరసనాయిలు స్టవ్వు, ప్రెషర్ కుక్కరు.
"మూడు సీటీలు కాదు బేటీ, పావుగంట."
నా మొదటి పాఠం అదే.

మేడమ్ అత్తగారిది నిప్పులు కడిగే మడి.
పురుగుల ఉద్యోగం చేసొచ్చిన కోడలు
పెరట్లో తలమీద నీళ్ళు పోసుకుంటేనే గుమ్మం లోపలికి.
"ఆవిడ నిప్పును కడుగుతారు,
నేను నిప్పుతో కడుగుతాను" అని నవ్వేవారు మేడమ్.
తీగను ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి,
అగార్ మీద గీత లాగేవారు.
చెయ్యి వణకడం నేను చూడలేదు.
ముగ్గు వేయడం మాత్రం రాదట.

కర్ఫ్యూ వేసవి.
కరెంటు పోయింది, ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు.
చల్లబడుతున్న ఇంక్యుబేటర్లో
మూసీ నీళ్ళలోంచి ఏడాదిపాటు ఏరి వేరుచేసిన
పదకొండు గొట్టాలు.
మేడమ్ ఏమీ మాట్లాడలేదు.
మూతులకు మైనం పోసి, పాత వాయిలు గుడ్డలో చుట్టి
రవికెలో కొన్ని, బొడ్డుదగ్గర కొన్ని దోపుకున్నారు.
రెండు రాత్రులు స్టోర్‌రూములో
గోడకు ఆనుకుని కూర్చునే కునుకు.
"మన ఒళ్ళు కూడా ముప్ఫై ఏడేగా."
ఆపా గల్లీల వెంబడి జొన్నరొట్టెలు తెచ్చింది,
బుర్ఖా కింద, ఉల్లిగడ్డతో సహా.
తొమ్మిది బతికాయి.

పేపరు అచ్చయింది.
పైన ప్రొఫెసరు గారు, ఆయన శిష్యుడు.
అడుగున చీమల్లాంటి అక్షరాల్లో
"సాంకేతిక సహాయం: శ్రీమతి దమయంతి."
డాక్టరేట్ ఎక్కడ జారిపోయిందో!
ఆపా ఆ పేజీని అటూ ఇటూ తిప్పి చూసింది,
తన పేరు ఉర్దూలో గానీ వేశారేమోనని.
మేడమ్ కళ్ళజోడు తుడుచుకున్నారు.
మర్నాడు పొద్దున్నే కొత్త అగార్ కాచాం.

మొన్న ల్యాబు మారుస్తూ నన్ను పిలిచారు.
అడుగు అరలో గాజు ఆంపూల్, చిటికెడు ఎండిన పొడి,
ఆ వాలు రాతలో "ద-4".
పరిశోధక విద్యార్థిని శ్రావస్తి మెడ విరిచి, పులుసులో కలిపి,
ముప్ఫై ఏడు దగ్గర ఉంచింది.
తెల్లారేసరికి ప్లేటు నిండా
మీగడ చుక్కలు.

"ద అంటే ఏంటి మేడమ్?"

ఎక్కడ మొదలుపెట్టాలో వెంటనే తోచలేదు.
చివరికి, కుక్కరు దగ్గర మొదలుపెట్టాను.