గోళీ

నా సంచిలో పనిముట్ల కంటే ముందు ఒక గోళీ ఉంటుంది.
విన్నిపెగ్‌లో ఏ ఇంటికి పిలిచినా
మొదట వంటగదిలో దాన్ని వదిలి చూస్తాను.
ఫ్రీసెన్ గారింట్లో అది ఫ్రిజ్ కిందికి పోయింది,
తొందరేమీ లేకుండా, దారి తెలిసినట్టు.

ఈ ఊరిది బంకమట్టి.
వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది,
జనవరిలో గడ్డకట్టి భుజంతో గోడని నెడుతుంది.
నిద్రలో మసిలేవాడి పొట్ట మీద
గ్లాసు నిలబెట్టడం, ఇక్కడ ఇల్లు కట్టడం.

పాత ఇళ్లకి సున్నపురాతి గోడలు.
గోరుతో గీస్తే అతుకుల్లోంచి పిండి రాలుతుంది.
సిమెంటు పూయకండి, రాయికి ఊపిరాడదు,
సున్నమే కూరండి, ఏటా కాస్త, అంటాను.
వినరు. పూస్తారు. మూడేళ్లకి మళ్లీ పిలుస్తారు.

ఫ్రీసెన్ గారిది పోతపోసిన కాంక్రీటు.
దాని గుణం వేరు. పలకదు, పలకదు,
ఒకరోజు మూల నుంచి మూలకి నోరు తెరుస్తుంది.
దాని మందు గోడలో లేదు, చూరులో ఉంది:
తూములో ఆకులు తీయండి,
నీళ్లగొట్టాన్ని ఇంటికి ఆరడుగుల దూరం సాగదీయండి.
పునాది బాగుకి నిచ్చెనెక్కమంటే
ఆయన నన్ను పై నుంచి కిందికి చూశాడు.

గరాజుకి పోసిన పలకతో పేచీ లేదు,
మంచుతో లేస్తుంది, మంచుతో దిగుతుంది,
దాని మీద పడకగది కట్టనంత వరకు.

లోతుకి దిగిన పైల్స్ మీది కొత్త ఇళ్లు
నాకు అన్నం పెట్టవు.
ఏడాదికోసారి టార్చి పట్టుకుని కిందికి పాకి
తడివాసన ఉందేమో చూస్తే చాలు.
ఒకసారి నాకంటే ముందే ఒక రకూన్ చూస్తోంది.

మా ఇంట్లో దూలం కింద నాలుగు ఇనుప స్తంభాలు,
తలల మీద మరలు.
ప్రతి అక్టోబరులో ఓరెస్ట్ పావు చుట్టు తిప్పేవాడు.
అంతకు మించితే పై గోడలు పగులుతాయని
నేనే నేర్పాను.
ఆయన పోయాక రెండు అక్టోబర్లు అలాగే వెళ్లాయి.
స్నానాలగది తలుపు పడటం లేదు.
తేమ, అనుకున్నాను.
ఊరందరి నేలా చూసేదాన్ని,
మా వంటగదిలో మాత్రం గోళీ వదల్లేదు.

నిన్న రాత్రి సంచి తిరగబడి అదే జారింది.
దీపం వెయ్యలేదు. విన్నాను,
దొర్లుతూ, దొర్లుతూ,
నేలమాళిగ మెట్ల మీద ఒక్కొక్కటే దిగుతూ.

స్పానర్ ఎక్కడ పెట్టేవాడో వెతకాలి.
రెండేళ్ల బాకీ ఒక్కసారి తీర్చకూడదు.
పావు చుట్టు.
వచ్చే ఏడు ఇంకో పావు.