గుబిలి

గ్రీమ్స్‌పేట దాటినాక
రైఫిల్ క్లబ్బు వెనక రేకుల గది.
మే నెల. ఆ రేకు కింద
మనిషే మెత్తబడతాడు, మైనమెంత.

బైపాస్ టైరు షాపుల్లో ఏరుకొచ్చిన
చక్రాల తూకపు బిళ్లలు కరిగించి
సీసం గుండ్లు పోస్తాడు మొగిలప్పాచారి.
తలకోన పక్క నుంచి వచ్చే తేనెమైనంలో
రొంత ఆముదం కలిపి
గుండు నడుముకున్న గాడిలో నింపుతాడు,
చంటిబిడ్డ కంటికి కాటుక పెట్టినట్టు,
చెదరకుండా.

తుడవడం నా పని.

"ముక్కు తుడువు, మడమ తుడువు.
గాడిలోది గాడిలోనే ఉండల్ల.
పది గుండ్లకొకతూరి డై విప్పి
కిరసనాయిలు గుడ్డ తిప్పు, మళ్లా పొడిగుడ్డ.
మర్చిపోతే చెప్పు, తిట్టను.
మర్చిపోలేదని చెప్తేనే తిడతా."

శనివారం లీలాకృష్ణమ నాయుడు
చిల్లుల అట్ట పట్టుకుని వచ్చినాడు.
చిల్లులన్నీ ఒక పక్కకి జారి ఉండాయి,
వాన నీళ్లు వాటం చూసుకున్నట్టు.
మందు మోసమన్నాడు. తుపాకి మోసమన్నాడు.
ఆచారి ఏమీ అనలేదు.
వినపళ్లేదేమో అనుకున్నా.

ఆయన మొదటి తూటా తీసినాడు,
చివరి తూటా తీసినాడు,
బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి
రెండు తలల మీదుగా బొటనవేలి గోరు జరిపినాడు.
గోరు దిగింది.
వెర్నియర్ నేను తెచ్చేలోపలే
ఆయనకి తెలిసిపొయ్యింది.

డై విప్పి అగ్గిపుల్లతో పొడిస్తే
అరచేతిలో పడింది, బెల్లం రంగు బిళ్ల.
దాని మీద గుండు ముక్కు అచ్చు,
పాలపన్నంత.
ఒక్కో గుండు రవ్వంత వదిలిపెట్టి పొయ్యింది,
వెనకొచ్చిన గుండు ఆ రవ్వంతా
లోపలికి కుంగింది.
ఏ ఒక్కదాని తప్పూ కాదు.

"అన్నీ తుడిచినా" అన్నా.

ఆయన బిళ్లనే చూస్తా ఉండాడు.

"పోయిన నెల రాయవేలూరు పొయ్యినా, చెవి చూపిద్దామని.
గుబిలి అడ్డం పడుంటాది, తీసేస్తారులే అనుకుంటా,
బస్సులో వేరుశనగలు తినుకుంటా పొయ్యినా.
డాక్టరమ్మ లైటేసి చూసింది.
'చెవి శుభ్రంగా ఉంది తాతా' అని కాగితం మీద రాసిచ్చింది.
శుభ్రంగా ఉందనే మాటకి
అంత ఏడుపొస్తాదని నాకు తెలీదు మే.

ముప్పై యేండ్లు పోలీసు ఆయుధాల గదిలో
రిపేరైన ప్రతి తుపాకీ నేనే పేల్చి చూసినా.
చెవుల్లో దూదైనా పెట్టుకోలా.
ఒక్కో చప్పుడు రవ్వంత ఎత్తకపొయ్యింది.
మైనమైతే పేరుకుంటాది. ఇది అరిగిపొయ్యింది.
ఏం పెట్టి తుడుస్తావు?"

గదిలో ఫ్యాను తప్ప ఏదీ మాట్లాడలేదు.
ఆ ఫ్యాను కూడా నాకే.

"నలభై దాటినాక తుడవలేదు" అన్నా.
ఆయన తల తిప్పలేదు.
ఇంకోసారి అన్నా. చెయ్యి చెవికి పెట్టుకున్నాడు.
మూడోసారి
బయట నాయుడికీ, వాచ్‌మన్‌కీ,
టీ గ్లాసులు కడిగే పిల్లోడికీ వినపడేట్టు
అరిచినా:
నలభై దాటినాక తుడవలేదు!
ఫోను చూసుకుంటా కూర్చున్నా!

"ఆ" అన్నాడు ఆచారి.
తిట్టలేదు. బిళ్లని తీసి
మైనం గిన్నెలో వేసినాడు.
కాసేపు తేలి, ఒరిగి,
ఏ గుండు అచ్చూ లేకుండా కలిసిపొయ్యింది.

నలభైయొకటోది నుంచి అన్నీ విప్పి
మళ్లా మొదలు పెట్టినాం. డెబ్బై.
ఆయన డై బిగిస్తాడు, నేను తుడుస్తా,
పదికొకతూరి రెండు వేళ్లు ఎత్తి చూపిస్తా,
ఆయన ఆపుతాడు.

రెండుసార్లు సబ్బేసి కడిగినా
ఆ రాత్రి సంగటి ముద్దలో
కిరసనాయిలు వాసనే.