మూడు రోజుల సెలవు

సెలవు చీటీలో కారణమనే చోట 'ట్రాక్' అని రాసినా.
పీడబ్ల్యూఐ సారు కండ్లద్దాలు పైకి తోసి
"దినామూ దాని మీదనే కదా నువ్వుండేది, రామాంజినమ్మా?" అన్నాడు.
ఇది వేరే సార్. పట్టాలుండవు.
తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే రావల్ల.
"దానికి మద్రాసు దాకా ఎందుకు" అంటానే సంతకం పెట్టినాడు.

నా హోదా కీమ్యాన్. ఆడమనిషినైనా మ్యానే.
తెల్లారుజామున సుత్తి భుజానేసుకుని
ఆరు కిలోమీటర్లు పోవల్ల, ఆరు కిలోమీటర్లు రావల్ల.
బిగువు క్లిప్పు ఒక రకంగా పలుకుతాది, వదులుది ఇంకో రకం.
ఆ సంగతి చెవి చూసుకుంటాది,
నేను వేరే ఏమన్నా అనుకుంటా నడవచ్చు.
పోయినేడు నుంచీ బండినే అనుకుంటాండా.

కసాపురం రోడ్డులో హుసేన్‌పీరా షెడ్డు.
ముందు అద్దాలు విప్పినాడు. వెనక చూసే పని లేదంట ఆడ.
నంబరు పలక తీసినాడు, సైడు స్టాండు తీసినాడు.
ఇంక అది నిలబడాలంటే గోడన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల.
హెడ్‌లైటుకు అడ్డంగా నిలువుగా టేపు కొట్టినాడు.
హ్యాండిలుకు కట్టిన నిమ్మకాయ తెంపేసినాడు,
ఊడి పడేది ఏదీ ఉండకూడదంట.
సిందూరం ఊడదు కాబట్టి ఉండనిచ్చినాడు.
కూలెంటు పారబోసి ఉత్త నీళ్లు పోసినాడు.
ఆయిలు బోల్టు తలకు కన్నం పొడిచి, సన్న తీగె దూర్చి మెలేసి
"బోల్టును యానాడూ నమ్మొద్దక్కా" అన్నాడు.
నాకు చెప్తాండాడు ఆ మాట!

చైను మాత్రం నేనే చూసుకున్నా.
రెండేండ్ల మందాన ఊగల్ల.
ఎండాకాలం పట్టాకు సందు ఇచ్చినట్ల,
మరీ బిగిస్తే ఏదైనా తిరగబడుతాది.

తోలు సూటు బళ్లారి పిల్లోనిది, బాడుగకు.
భుజాల దగ్గర వదులు, నడుము దగ్గర ఊపిరాడదు.
ఏప్రిల్ నెల, పదకొండు గంటలు, గుంతకల్లు రేకుల ఇల్లు.
మా ఆయన చూసి "గ్యాసు సిలిండరు ఉన్నట్లుండావు" అని
పడీ పడీ నవ్వినాడు. ఆ పైన రాత్రి దాకా మాటల్లేవు.
నడిజామున లేచి చూస్తే
వసారాలో కూర్చోని హెల్మెట్ పట్టీని
గుంజి గుంజి చూస్తాండాడు.
నేను చూసినట్లు చెప్పలేదు.

స్టూలెక్కి కూర్చోని మోకాలు బయటికి,
చూపు గోడ మూలకు. వారం దినాలు ఇదే.
యాడ చూస్తే బండి ఆడికే పోతాదంట.
మేము కాళ్ల కింద చూసి బతికేటోళ్లం.
పదకొండేండ్లు వంచిన మెడను
దూరం చూడమంటే నొప్పి పుడుతాది, నిజంగానే,
జండూబామ్ పూసుకునేంత.

జెండాల కాగితం పంపించినారు.
ఎరుపూ ఆకుపచ్చా చదవలేదు, నాకెందుకు.
నీలం కొత్తది: నీ వెనక వేగంగా వచ్చేటోడుండాడు, దారియ్యి.
వెనక వచ్చేదాన్ని వీపుతో వినేది
పిల్లోళ్లకు నేనే నేర్పుతా కావాలంటే.
నలుపూ తెలుపూ గళ్లది, అయిపోయింది, ఇంక చాలు అని.
ఆ జెండా మా దగ్గర లేదు.

ట్యాంకు ఖాళీ చేసి, గోనెపట్టాలు చుట్టి దబ్బనంతో కుట్టి,
తూకమేసి పార్సిలు పెట్టెలోకి ఎక్కించినారు.
పెద్ద శవం మాదిరి ఉందన్నాడు హమాలీ, ఆనెక నాలిక్కరుచుకున్నాడు.

రాత్రి బండి. నా కిలోమీటర్లు వచ్చే యాలకు తలుపు దగ్గర నిలబడినా.
రెండో కల్వర్టు దాటినాక ఎడమ పట్టా మీద ఒక అతుకు,
టక్కుమనల్ల. అనింది. రవ్వంత ఎక్కువే అనింది.
ఫోను తీసి సుంకన్నకు చెప్పినా, పొద్దున ఆడ చూడమని.
"సెలవులో ఉండావు కదక్కా, పండుకో."

బయట లాంతరు ఒకటి ఊగి వెనక్కి పోయింది.
ముందర లైను కుడికి తిరుగుతాది, నాకు తెలుసు.
కడ్డీ పట్టుకుని, మెడ ఎత్తి,
ఇంజను వెలుతురు మలుపులో
ముందుగా ఏ రాయి మీద పడుతాదో
ఆ రాయిని చూస్తా నిలబడినా.