ఇద్దరూ పలికారు

ఫిబ్రవరి. విర్త్సు రేవులో సముద్రం
పెరుగులా తోడుకుంది.
ముహు దీవికి వెళ్ళే ఆఖరి ఫెర్రీ
తన దారి తానే పగలగొట్టుకుంటూ వచ్చి
లారీల కోసం నోరు తెరిచి నిలబడింది.
మూడో గేటు మాత్రం లేవదు.

ఒకటో గేటుకి టికెట్లు అందుతున్నాయి. రెండోదానికీ.
మూడోది తెల్లమొహం వేసింది.
పాల ట్యాంకరు దిగి వచ్చిన ఊలో
నా గది అద్దం మీద వేలితో కొట్టి
గడియారం చూపించాడు.
ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మూడో గేటు నుంచి సర్వర్‌ని పింగ్ చేశాను.
ఉన్నానంది.
మళ్ళీ చేశాను. ఉన్నానంది.
పలకరిస్తే నవ్వే మనిషి
అప్పు అడిగితే వినపడనట్టు
చిన్న మాట వెళ్ళి వస్తోంది,
బరువైనది దారిలో రాలిపోతోంది.
తీగ మార్చాను. గేటు పెట్టెను ఆపి లేపాను.
లేచింది, బుద్ధిగా రెండు లారీలను పంపింది,
మళ్ళీ బిగుసుకుంది.

రాత్రి పదకొండున్నరకి హెయినో ఇంటికి ఫోన్ చేశాను.
ఆ సర్వర్‌కి రెండో కార్డు బిగించింది ఆయనే,
రిటైరయ్యే ముందు వారం.
ఇంకా పాత తీగ ఫోన్లే వాళ్ళవి,
మంచం పక్కన ఒకటి, వంటింటి గోడకి ఒకటి.
రెండూ ఒకేసారి లేచాయి.
"ఆఁ, నేనే" అన్నాడు హెయినో.
"ఆఁ, నేనే" అంది లెయిదా.
ఎవరికి చెప్పాలో తెలీక
నోరు తెరుచుకుని ఉండిపోయాను.
ఉండిపోయి,
"అదే," అన్నాను. "అదేనండీ!"
అని పెట్టేశాను.

తీగ మీద చెవి పెట్టి విన్నాను అప్పుడు.
గేటు వీధంతా వినపడేలా కేకేస్తోంది:
పదకొండో నంబరు ఎవరిది?
ఒక కేక. రెండు జవాబులు.
రెండూ "నేనే" అన్నాయి,
తోకలు మాత్రం వేరు:
ఒకదానికి నాలుగు-ఏ, ఒకదానికి నాలుగు-బీ.

పదకొండు మొదటి కార్డుది. పన్నెండు రెండోదానిది.
కానీ ఒకే ఇంటి గుమ్మాలవి, ఒకే వీధిలోకి తెరుచుకున్నాయి.
లోపల ఎవరి పేరు పిలిచినా
రెండు గుమ్మాల్లోంచీ పలుకుతారు.
అబద్ధమా అంటే కాదు, ఇల్లు ఒకటే కదా.
ఏ గొంతు చెవిన పడితే ఆ గుమ్మానికే
మూట మోసుకుపోతుంది గేటు.
రెండో గుమ్మం ముందు అరుగు మీద
హెయినో ఎక్కణ్ణుంచో తెచ్చిన పాత స్విచ్:
పలకరింపు పడుతుంది దాంట్లో,
మూట పట్టదు.

ఇక రాయాల్సింది రెండు అంకెలు.
ఒకటి: నీ గుమ్మం మీది నంబరు అడిగితేనే పలుకు.
రెండు: నువ్వు కేకేసేటప్పుడు నీ నంబరే చెప్పుకో.
కాఫీ చల్లారేలోపు రాసేశాను.

గేటు లేవలేదు.

పాత జవాబు ఇంకా దాని మనసులో ఉంది.
సర్వర్ నోరు అదుపులో పెట్టాను గానీ
విన్నవాళ్ళ చెవిలోది ఎవరు తీస్తారు?
గ్లౌజులు ఊడదీసి, మంచులో నిలబడి,
ఆ పెట్టె మూత తెరిచి, వంగి,
మరచిపో అని టైపు చేశాను.

పదకొండో నంబరు ఎవరిది? అంది, కొత్తగా, పసిపిల్లలా.
ఒక్కరే పలికారు.

ఊలో చెయ్యి ఊపలేదు. ట్యాంకరు వెనక ఎర్ర దీపాలు
ఫెర్రీ గొంతులోకి దిగిపోయాయి.

గదిలోకొచ్చేసరికి ఫోన్ మోగుతోంది.
"ఒకటి పడిపోతే ఇంకొకటి పలుకుతుందని పెట్టానమ్మా"
అన్నాడు హెయినో, నేనేమీ అడక్కుండానే.
"తెలుసు," అన్నాను.
లైన్లో ఇంకెవరిదో ఊపిరి, పక్కన గిన్నె చప్పుడు.

ఇద్దరికీ కలిపి శుభరాత్రి చెప్పాను.