లోపలి ప్యాడ్

డులూత్‌లో ఏ వీధి చివర నిలబడ్డా
కింద సరస్సు కనిపిస్తుంది.
అంటే, ఎటు బండి తీసినా
దిగడమే.

ఇరవై ఒకటో అవెన్యూ మీద మొదటిసారి విన్నాను,
వెనక కుడి చక్రంలోంచి సన్నగా కీచుమని,
పలక మీద గోరు గీసినట్టు.
"పిల్ల హాకీ సంచిలో ఏదో రాసుకుంటోంది" అన్నారు.
సంచి దించాను. కీచుమంది.
"చలి" అన్నారు.
ఒకరోజు రింకు ముందు బండి ఆపితే
ఆ ఒక్క చక్రం చుట్టూ మంచు కరిగి
నల్లటి నేల తేలింది. చెప్పాను.
"ఎండ" అన్నారు.
రాత్రి ఏడున్నరకి.

ఏప్రిల్లో అసలు మాట బయటికొచ్చింది.
"నువ్వు ఊరికే బ్రేకు తొక్కుతావు హైమా.
ముప్పై వేల మైళ్లు కూడా కాలేదు,
నా చేతిలో ఉంటే అరవై వచ్చేవి."
నేనేం అనలేదు.
ఆరుగురు పిల్లలు, ఆరు సంచులు,
తెల్లారి ఐదున్నరకి ప్రాక్టీసు,
రోడ్డు మీద అద్దంలా మంచు, ఎదురుగా నీళ్లు.
తొక్కక ఏం చేయను, దండం పెట్టనా?

ఆర్విడ్ చక్రం విప్పాడు.
డెబ్బై ఏళ్ల మనిషి, అరచేతి గీతలన్నీ గ్రీజుతో దిద్దినట్టుంటాయి.
రెండు ప్యాడ్లు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు,
ఒకే చక్రానివి.
బయటిది మందంగా, కొత్త సబ్బుబిళ్లలా.
లోపలిది ఇనుము దాకా అరిగిపోయి,
పారెయ్యడానికి మనసొప్పని ఆఖరి పెచ్చులా.
"పిన్ను పట్టేసింది. ఉప్పు" అన్నాడు.
చలికాలమంతా రోడ్ల మీద చల్లిన ఉప్పు
సందుల్లో దూరి తుప్పై కూర్చుందట.
కాలు తీసేసినా బ్రేకు వదల్లేదట,
తొక్కనప్పుడు కూడా రాసుకుంటూనే ఉందట.
"డ్రైవరు తప్పేం లేదు."
ఆ వాక్యం ఇంకోసారి చెప్పమని అడగాలనిపించింది,
ఆయన వైపు తిరిగి, కాస్త గట్టిగా.
ఆయన వారంటీ కాగితాలు తిరగేస్తున్నారు.
అరిగేవాటికి వారంటీ లేదని
నాలుగో పేజీలో ఉంది.

ఎనిమిది వందల అరవై డాలర్లు.
"నేనే చేస్తాను" అన్నారు.
నాలుగు వీడియోలు చూశారు, ఒక సుత్తి కొన్నారు.
శనివారం పొద్దున్న పట్టుకున్న బోల్టు
మధ్యాహ్నం అన్నం చల్లారాక కదిలింది.
ఈలోపు ఆయన అన్న మాటలు ఇక్కడ రాయను.
పిల్లకి కొంత కొత్త తెలుగు వచ్చింది.

ఆఖరున ఇద్దరు కావాలన్నారు.
గొట్టంలో గాలి బుడగలు పోవాలంటే
ఒకరు పైన తొక్కాలి, ఒకరు కింద మర తిప్పాలి.
సీట్లో కూర్చున్నాను.
పక్క అద్దంలో, కాంక్రీటు మీద
ఆయన చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"తొక్కు."
తొక్కాను.
"పట్టుకో."
పట్టుకున్నాను. పాదం కింద పెడల్
మెల్లగా దిగిపోయింది, ఎవరో నిట్టూర్చినట్టు.
"వదులు."

పదిహేనుసార్లో, ఇరవైసార్లో.
మధ్యలో ఒకసారి వదలమనడం మర్చిపోయారు.
నేను పట్టుకునే ఉన్నాను, తొడ వణికే దాకా.
"హైమా?"
"ఊ."
"ఇంకా తొక్కే ఉన్నావా?"
"మీరు వదలమనలేదుగా."
కింద కాసేపు చప్పుడు లేదు.
"లోపలిది మరీ ఇంత అరిగిపోయిందనుకోలేదు" అన్నారు,
నాతోనో, చక్రంతోనో.

చీకటి పడ్డాక అవెన్యూ దిగాం, ఆయన పక్క సీట్లో.
కీచుమనలేదు.
కిటికీ దించి చెవి బయటపెట్టారు, అయినా అనలేదు.
సరస్సు మీద ఇనుప ఖనిజం ఓడ ఒకటి
దీపాలు వేసుకుని ఆగి ఉంది, రేవు పిలిచేదాకా.
మూడో స్టాప్ సైను దగ్గర చూశాను,
నా కాలు ఇంకా కదలకముందే
ఆయన కుడి పాదం
అక్కడ లేని బ్రేకుని గట్టిగా తొక్కుతోంది.